కోరలకోట కోడలి బొట్టు

చచ్చినవాడితో పెళ్ళి జరిగితే పెళ్ళికూతురి నుదుట బొట్టు ఉంచాలా, తుడిచెయ్యాలా అన్న సందేహం లోకంలో ఇంతవరకూ ఎవరికీ వచ్చినట్టు లేదు. గడప టీవీ వాళ్ళకి వచ్చింది. వచ్చిన సందేహం వాళ్ళ దగ్గరే ఉండిపోతే నాకీ రాత బాధ తప్పేది.

ముందు సీరియల్ సంగతి చెప్పాలి. పేరు ‘కోరలకోట’. కొండ మీద ఒక పాత కోట, అందులో ఒక రాజవంశం. వాళ్ళు చచ్చి మూడొందల ఏళ్ళయింది కానీ ఇంకా ఇల్లు ఖాళీ చెయ్యలేదు. పగలు పెట్టెల్లో పడుకుంటారు, పొద్దుగూకాక లేచి రక్తం తాగుతారు, మధ్యలో సింహాసనం కోసం కొట్టుకుంటారు. రాజమాత నిశాంబకి పెత్తనం వదలాలని లేదు. ఆవిడ కొడుకు యువరాజు నిశాంతుడికి కింద ఊళ్ళో పూలమ్ముకునే వెన్నెల అంటే ప్రేమ. మూడొందల ఏళ్ళవాడు ఇరవయ్యేళ్ళ పిల్ల వెంట పడితే ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా అని అడిగాను. "ఎనిమిదో క్లాసులో బడి ఎగ్గొట్టినవాడివి, కథ జోలికి రాకు, సామాన్లు చూసుకో" అన్నాడు డైరెక్టర్ తాతారావు.

చూసుకుంటున్నాను. నేను ప్రాపర్టీ పరదేశిని. శవపేటికలు, కొవ్వొత్తులు, రబ్బరు గబ్బిలాలు, రక్తం బదులు పోసే రోజా షర్బత్తు, తాళిబొట్లు, అన్నీ నా చేతి కింద. కోట అంటే ఊరి బయట మూతపడ్డ బిస్కెట్ ఫ్యాక్టరీ. వాన పడితే ఇప్పటికీ రాజప్రాసాదమంతా వనిల్లా వాసన కొడుతుంది.

మా వంశం వాళ్ళని దెయ్యాలనకూడదు, పిశాచాలనకూడదు. ఛానెల్లో విలువల విభాగానికి కౌశిక్ గారని ఒక వైస్ ప్రెసిడెంట్ ఉన్నాడు. విలువలకి వైస్ ప్రెసిడెంట్ ఉన్నాక ఇక విలువలు మనం చూసుకోనక్కర్లేదు. "రక్తవంశీయులు అనండి. నెగటివ్ ఫీల్ ఉండదు" అని మొదటిరోజే చెప్పాడు. అప్పట్నుంచి క్యాంటీన్ వాడు కూడా "రక్తవంశీయులకి ఎన్ని ఇడ్లీలు?" అని అడుగుతున్నాడు.

వెన్నెల వేషం వేసే పిల్ల పేరు చైత్ర. ఉడిపి నుంచి వచ్చింది. వచ్చినరోజున తెలుగు ఒక్క ముక్క రాక మేకప్ గదిలో కూచుని ఏడుస్తుంటే, హెయిర్ డ్రెస్సర్ నాంచారమ్మ ఏమీ అడక్కుండా తలకి నూనె రాసి, చిక్కు తీసి, జడ వేసింది. అప్పట్నుంచి ఆ పిల్ల ఇంకొకళ్ళ చెయ్యి తల మీద పడనివ్వదు. "అమ్మా" అనే పిలుస్తుంది.

నాంచారమ్మది బందరు వైపు. మొగుడు వెంకన్న మా షూటింగ్ ఫ్లోరులోనే లైట్‌మన్. ఒకరోజు కోట హాల్లోకి చంద్రుడు కావాలన్నాడు తాతారావు. పైకప్పు దూలాలెక్కి పెద్ద లైటు కట్టాలి. నడుముకి కట్టుకునే తాడు వ్యాన్లో ఉంది, తెచ్చుకుంటానన్నాడు వెంకన్న. "చంద్రుణ్ణి పెట్టడానికి తాడెందుకయ్యా, టైమ్ లేదు, ఎక్కు" అన్నాడు తాతారావు. ఎక్కాడు. చంద్రుడు నిలబడ్డాడు, వెంకన్న పడిపోయాడు.

ఛానెల్ వాళ్ళు విషయాన్ని మూడు ముక్కల్లో తేల్చారు. అతను మా మనిషి కాదు. మా ఫ్లోరులో పడలేదు. అసలా రోజు షూటింగే లేదు. ఆ మూడు ముక్కలూ రాసింది కౌశిక్ గారే. లేని షూటింగులో తీసిన ఎపిసోడ్ ఆ శనివారం వచ్చింది. చంద్రుడు భలే కుదిరాడన్నారు జనం.

మా సీరియల్ మొదలయ్యాక చచ్చి తిరిగి రానివాడు ఇంతవరకూ వెంకన్న ఒక్కడే.

నాంచారమ్మ కర్మకాండ అయ్యాక వచ్చి మళ్ళీ దువ్వెన పట్టుకుంది. హాల్లోంచి నడిచేటప్పుడు మాత్రం ఒక చోట గచ్చు తొక్కకుండా పక్కనించి వెళ్ళేది.

ఈలోగా రేటింగు పడిపోయింది. మా లైనులో రేటింగు పడిపోతే పెళ్ళి చేస్తారు. యువరాజుకీ వెన్నెలకీ ముహూర్తం పెట్టారు. షూటింగ్ పెళ్ళిళ్ళలో ఒక ఆచారం ఉంది. హీరో రెండు ముళ్ళే వేస్తాడు. మూడో ముడి పడితే పెళ్ళి నిజమైపోతుందని అందరికీ భయం. అందుకని మూడోది క్లోజప్‌లో అరటిబోదెకి నేను వేస్తాను. ఆ లెక్కన నాకు చాలా అరటిబోదెలతో పెళ్ళయింది. ఏ ఒక్కదాన్నీ కష్టపెట్టలేదు.

పెళ్ళి ఎపిసోడ్ వచ్చిన మర్నాడే ఛానెల్‌కి ఫోనొచ్చింది. గుడివాడ నుంచి ఎవరో పెద్దావిడ.

"అబ్బాయీ, ఆ పెళ్ళికొడుకు చచ్చినవాడు కదూ?"

"అవునండీ. రక్తవంశీయుడు."

"ఏదో ఒకటిలే. మొగుడు చచ్చాక ఆ పిల్ల ఇంకా అంతేసి బొట్టు పెట్టుకు తిరుగుతుందేమిటి? మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు లేరా?"

ఆ మాట కౌశిక్ గారి దాకా వెళ్ళింది. వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. కోరలకోటలో కొత్త కోడలు చేసే మహావ్రతం పొద్దున పదింటికి ప్రత్యక్ష ప్రసారం. రక్తం తాగేవాళ్ళు పగలు ఎలా లేస్తారని ఎవరూ అడగలేదు, కిటికీలకి నల్లగుడ్డ కడితే సరిపోతుందన్నారు. ఆ కార్యక్రమానికి డబ్బు పెట్టేది మాత్రం ఒక కుంకుమ కంపెనీ.

మీటింగ్ కోట హాల్లోనే పెట్టారు. ఛానెల్‌కి ధర్మసందేహాల సలహాదారు సోమసుందర అవధానిగారు వచ్చాడు. కుర్చీలు చాలక ఆయన యువరాజు శవపేటిక మీద కూచున్నాడు. మైల అంటకుండా కింద ఉత్తరీయం పరుచుకున్నాడు.

"ఫ్రెండ్స్, మన ముందున్నది ఒక వైధవ్య సంక్షోభం" అన్నాడు కౌశిక్. "స్పాన్సర్ చాలా క్లియర్‌గా చెప్పారు. విధవరాలి నుదుటి మీద వాళ్ళ ప్రాడక్ట్ ప్లేస్ చెయ్యరట. ఈ విషయంలో మనందరం అలైన్ అవ్వాలి."

"వాడు చచ్చాడని మొదటి ఎపిసోడ్ నుంచీ చెబుతున్నాం సార్" అన్నాడు తాతారావు. "ఇప్పుడు బతికున్నాడంటే జనం చెప్పుచ్చుకు కొడతారు."

"బతికున్నాడని అనొద్దు. చావలేదని అంటే?"

"పేటికలో పడుకుంటున్నాడు సార్. అదుగో, పంతులుగారి కింద."

అవధానిగారు కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచాడు.

"వరుడు మృతుడే. అందు సందేహము లేదు. అయితే వివాహమునకు పూర్వమే మృతుడు. ఒకసారి మరణించినవాడు మరల మరణించునా?"

"మరణించడు" అన్నాడు కౌశిక్.

"మరణించనివాని భార్యకు వైధవ్యము కలుగునా?"

"కలగదు!"

"బ్రతికియున్న భర్త గల స్త్రీకి సౌభాగ్యము రేపటివరకు నిలుచునో లేదో బ్రహ్మ కూడ చెప్పలేడు. ఈమెది మనము చెప్పగలము. ఈమె విధవ కాదు సరికదా, కాజాలదు. నిత్య సుమంగళి!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టకపోతే చూస్తారు.

సాయంత్రానికల్లా అదే మాటతో కౌశిక్ గారి సర్క్యులర్ వచ్చింది. తెల్లారేసరికి కుంకుమ ప్యాకెట్ల మీద చైత్ర మొహం వచ్చింది. ‘మరణం లేని మాంగల్యం’ అని కింద రాశారు.

ఆ తరవాత జనానికి పట్టుకుంది. విజయవాడలో ఒక కళ్యాణ మండపంలో సభ పెడితే ఆడవాళ్ళు పసుపు కుంకుమల పళ్ళేలతో విరగబడ్డారు. చైత్ర చేతి మీదుగా బొట్టు పెట్టించుకోవాలి. అంతవరకూ బాగానే ఉంది. ఇంతలో ఒకావిడ వాళ్ళాయన్ని చొక్కా పట్టుకుని వేదిక మీదకి లాక్కొచ్చింది.

"బాబూ యువరాజా, మా ఆయన్ని ఒక్కసారి కొరుకు నాయనా. నేనూ నిత్య సుమంగళినవుతా."

యువరాజు వేషం వేసే విక్కీ బిత్తరపోయి కౌశిక్ వైపు చూశాడు. కౌశిక్ ఒక్క క్షణం ఆలోచించి, కొరకమని తల ఊపాడు. అంతే. గంటలో క్యూ రోడ్డు మీదకి వెళ్ళింది. పెళ్ళాలు మొగుళ్ళ మెడలు తుడిచి, పౌడరు రాసి సిద్ధం చేస్తున్నారు. విక్కీ కోరలు మాటిమాటికీ ఊడుతుంటే జిగురు సీసా పట్టుకుని పక్కన నేను.

"షుగరుంది బాబూ, పుండు పడితే మానదు. చూసి కొరుకు" అన్నాడొకాయన.

"ఊరుకోండి. రోజూ నేను కొరుక్కు తింటున్నానంటారుగా, దీనికి భయమేమిటి?" అంది ఆయన భార్య.

ఆ వెనక ఒక ముసలాయన వంతు వచ్చింది. విక్కీ మెడ మీదకి వంగగానే చెవిలో గుసగుసగా బతిమాలాడు. "నాయనా, కొరికినట్టు నటించు చాలు. చచ్చాక కూడా దీంతోనేనా?"

విక్కీ మంచి కుర్రాడు. నటించాడు. అతను నటించడం అదే మొదటిసారి చూశాను.

ఇది ఇలా ఉండగా రాజమాత నిశాంబ వేషం వేసే పద్మజారాణి గారు మేకప్ సగంలో లేచొచ్చింది.

"కౌశిక్ గారూ, తెల్లచీర కట్టీ కట్టీ నన్ను బయట పేరంటాలకి పిలవడం మానేశారు. కోడలికో న్యాయం, అత్తకో న్యాయమా? నా మొగుడు మూడొందల ఏళ్ళ కిందటే చచ్చాడు. దానికంటే నేను పెద్ద సుమంగళిని!"

"మేడమ్, మీ భర్తగారి పాత్ర తెర మీద లేదు కదా."

"గోడ మీద ఉన్నాడుగా!"

నిజమే. హాల్లో పూర్వీకుల పటాలు వరసగా ఉన్నాయి. బంగారు రంగు ఫ్రేములు, కింద పేరూ, ఎలా పోయాడో రాసిన పలకలు. అన్నీ నేను తగిలించినవే. అవధానిగారు పటాలన్నీ చూసి సవరణ చెప్పాడు. "కోట గోడపై పటము గలవాడెవడైనను రక్తవంశీయుడే. అట్టివారి భార్యలందరును నిత్య సుమంగళులే." మర్నాటి నుంచి రాజమాతకి కంచిపట్టు చీర, రూపాయంత బొట్టు. ఆ వంశంలో తెల్లచీర కట్టేవాళ్ళు ఒక్కళ్ళు లేకుండా పోయారు. మా కాస్ట్యూమ్స్ అతను తెల్లచీరలన్నీ చించి నల్లరంగు వేయించి కిటికీలకి కట్టేశాడు.

మరణం మీద ఇంత మంచి పట్టు దొరికాక ఛానెల్ వాళ్ళు ఇక బతికున్నవాళ్ళ మీద పడ్డారు. బుధవారం ఇంకో సర్క్యులర్. శుభ సన్నివేశాల్లో కుంకుమ, పూలు, కోడలి తల, వీటిని ముత్తైదువలే తాకాలి. శుభ సన్నివేశం మొదలయ్యాక ఎవరూ ‘కట్’ అనకూడదు, అది అశుభం. ‘శుభం’ అనాలి, అదీ అవధానిగారే అనాలి. యూనిట్‌లో ప్రతి ఒక్కరి వైవాహిక స్థితీ విచారించి నిర్ధారించాలి.

విచారణకి కౌశిక్ గారే వచ్చాడు. మేం వరసలో నిలబడ్డాం.

"పరదేశి గారూ, మీ మిసెస్?"

"పోయిందండి. తొమ్మిదేళ్ళయింది."

"అయ్యో, సారీ. ఏం జబ్బు?"

"కామెర్లండి."

"ఛ ఛ ఛ. సరే, ఆ తాళిబొట్ల పెట్టె జాగ్రత్త. లైవ్‌లో వెతుక్కోకూడదు."

నా వెనకే నాంచారమ్మ.

"అమ్మా, మీవారు?"

నాంచారమ్మ ఒకసారి పైకప్పు కేసి చూసింది. "పోయాడండి."

"ఓ." కౌశిక్ గారు రెండడుగులు వెనక్కి వేశాడు. "చూడమ్మా, ఇది వ్యక్తిగతంగా తీసుకోవద్దు. ఇది ప్రాసెస్. వ్రతం రోజు మీరు కోడలి తల తాకకూడదు."

"మర్నాటి నుంచి రావచ్చాండి?"

కౌశిక్ అవధానిగారి వైపు చూశాడు. అవధానిగారు విచారంగా తలాడించాడు. "ఆమె నిత్య సుమంగళి గదా. ఆమె ఉన్న ప్రతి సన్నివేశమును శుభ సన్నివేశమే."

"పోనీ, రాజమాత గారి తలకి?"

"ఆవిడా అంతే."

"మిగతా ఆడవాళ్ళకి?"

"అందరూ అంతేనమ్మా."

ఇంక మిగిలినవి గబ్బిలాలు. వాటికి జడల్లేవు.

నాంచారమ్మ దువ్వెన కింద పెట్టింది. ఇంటి దగ్గర ముసలి అత్త, ఇంటర్ చదివే కూతురు. ఆ దువ్వెన ఒక్కటే ఆధారం. "పరదేశన్నా, నా సామాను శుక్రవారం వచ్చి తీసుకుంటా. ఆరోజైతే హడావుడిలో నన్నెవరూ చూడరు" అని వెళ్ళిపోయింది.

శుక్రవారం వచ్చింది. హాలంతా మామిడి తోరణాలు, మధ్యలో కలశం, చుట్టూ శవపేటికల మీద పట్టుగుడ్డలు. చైత్ర కోసం కొత్త హెయిర్ డ్రెస్సర్‌ని పెట్టారు. ఆవిడకి నల్లపూసలు, పుస్తెలు, మట్టెలు, కాళ్ళకి పారాణి, అన్నీ ఉన్నాయి. చేతిలో పని లేదు. పూలజడ కుడితే రెండడుగులు నడిచేసరికి సవరంతో సహా ఊడి కలశం పక్కన పడింది. పామనుకుని విక్కీ పేటికెక్కాడు.

చైత్ర ఊడిన జడ చేత్తో పట్టుకుని మేకప్ గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. లైవ్‌కి గంట కూడా లేదు. కౌశిక్ గారు తలుపు కొట్టాడు.

"చైత్రా, బ్రాండు వాళ్ళు ముందు వరసలో కూచున్నారు. ప్లీజ్, ప్రొఫెషనల్‌గా ఉండు."

"నాకు తెలుగు అంత రాదు సార్" అంది లోపల్నించి. "ఒక్కటి గొత్తు, తెలుసు. అమ్మ రాకపోతే నేను రాను."

"రూల్స్ అమ్మా, రూల్స్!"

"నా తల నాది కాదా సార్? అది కూడా ఛానెల్‌దా?"

కాంట్రాక్టు ప్రకారం అది ఛానెల్‌దే. కానీ గడియ లోపలివైపు ఉంది.

నేను గేటు దగ్గరికి పరుగెత్తాను. నాంచారమ్మ వాచ్‌మన్ బల్ల మీద దువ్వెనల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది. విషయం చెప్పాను. నాతో వచ్చింది కానీ గదిలోకి వెళ్ళలేదు. హాలు మధ్యలో, తాను తొక్కని ఆ గచ్చు పక్కన నిలబడింది.

"పంతులుగారూ, ఒక మాటడగొచ్చా?"

"దూరము నుండి అడుగమ్మా."

"యువరాజు చచ్చినోడే కదండీ?"

"మృతుడే."

"మళ్ళీ చావడు?"

"చావడు. కావుననే ఆమె..."

"మా వెంకన్న కూడా చచ్చినోడేనండి. ఆయనా మళ్ళీ చావడు."

కౌశిక్ అందుకున్నాడు. "అమ్మా, అది వేరు, ఇది వేరు. యువరాజు తిరిగి లేచాడు. మీవారు లేవలేదు."

"రాజమాత గారి మొగుడూ లేవలేదుగా సార్? గోడ మీద పటం ఉంటే చాలన్నారుగా?"

"అది ఈ కోట గోడ మీద ఉన్న పటం."

"అయితే మా ఆయన పటం కూడా పెట్టించండి. గోడ ఖాళీ ఉంది."

అంతా గడియారం చూశారు. కుంకుమ కంపెనీ యజమాని కూడా చూసుకున్నాడు. కౌశిక్, అవధాని, తాతారావు ఒక పేటిక వెనక చేరి గుసగుసలాడారు. తాతారావు వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నాడు. కౌశిక్‌కి మాత్రం ఇది నచ్చింది. ఒక పటం తగిలిస్తే పోయేదేముంది? అవధానిగారు తేల్చాడు. "శాస్త్రము అందరికీ ఒక్కటే. పటమున్నచో వంశీయుడు. వంశీయుని భార్య నిత్య సుమంగళి. ఆమె కోడలి తల తాకవచ్చును."

ఫోటో నాంచారమ్మ దగ్గరే ఉంది. దువ్వెనల డబ్బా మూత లోపల అతికించింది. ఆఫీసు గదిలో పెద్దది చేసి ప్రింటు తీశారు. ఫ్రేము నేను తెచ్చాను.

"కోరలు గియ్యండి. లేకపోతే కంటిన్యుటీ దెబ్బతింటుంది" అన్నాడు కౌశిక్.

"ఆయనకి పైన ముందు పన్ను లేదండి" అంది నాంచారమ్మ. "చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడ్డాడు. ఆ సందుతోనే నవ్వేవాడు. కోరలు పెడితే మా అత్తకి గుర్తు తెలీదు."

"సరే సరే, అలాగే ఉంచండి. పలక మీద ఏం రాద్దాం? అందరివీ వీరమరణాలే."

నాంచారమ్మ చెప్పింది. నేను బంగారు రంగుతో రాశాను. ‘వెంకన్న. ఈ కోటలో చంద్రుణ్ణి నిలబెడుతూ పోయాడు.’

కౌశిక్ గారు చదివి మెచ్చుకున్నాడు. "వావ్! కోటలో చంద్రుణ్ణి నిలబెట్టడం! మన రైటర్లకి రాదిలాంటి లైను." ఆ మూడు ముక్కలూ రాసిన చెయ్యే నా భుజం తట్టింది. రాసినవాడికి రాసింది గుర్తుండాలని ఏ సర్క్యులర్‌లోనూ లేదు మరి.

తాతారావుకి గుర్తుంది. ఆయన మానిటర్ వెనక్కి వెళ్ళి కూచున్నాడు.

నాంచారమ్మ గదిలోకి వెళ్ళింది. తలుపు సందులోంచి చూశాను. జడ కుడుతూ చైత్ర చెవి దగ్గర ఏదో పదే పదే చెబుతోంది, ఆ పిల్ల పెదాలు కదుపుతోంది. చైత్రకి తెలుగు చదవడం రాదు. ఏ డైలాగైనా విని బట్టీ పట్టాల్సిందే.

పదింటికి లైవ్ మొదలైంది. వ్రతం బ్రహ్మాండంగా జరిగింది. తోరాలు కట్టారు, వాయనాలిచ్చారు. చివర్లో కోడలు హారతి పళ్ళెంతో పూర్వీకుల పటాల ముందుకి వెళ్ళి, ఒక్కొక్కరి పేరూ ఘనతా చెప్పి దణ్ణం పెట్టాలి. రాజమాత గర్వంగా పక్కన నడుస్తోంది.

"రాజా రుధిరేంద్రులు. కత్తివేటుకి ఒరిగారు." దణ్ణం.

"రాజా కాలనిశేంద్రులు. విషప్రయోగానికి బలయ్యారు." దణ్ణం.

నాలుగో పటం దగ్గర ఆగింది. హారతి వెలుగులో ఆ పన్ను సందు నవ్వింది.

"వెంకన్న. ఈ కోటలో చంద్రుణ్ణి నిలబెడుతూ పోయాడు."

అంతవరకే రాసి ఉంది. చైత్ర ఆగలేదు. పళ్ళెం ఎత్తి పట్టుకుని, ఉడిపి యాసలో, ఒక్కో మాటా స్పష్టంగా చెప్పింది. "మా లైట్‌మన్ వెంకన్న. ఇక్కడే, ఈ హాల్లోనే పడ్డాడు. ఆరోజు ఇక్కడ షూటింగ్ ఉంది."

మా కెమెరామన్‌కి ఒక అలవాటుంది. ఎవరు ఊహించని మాటన్నా చెయ్యి దానంతటదే మూడుసార్లు జూమ్ చేసి దగ్గరికి లాగుతుంది. పాలు పొంగినా అంతే, ప్రాణం పోయినా అంతే. లాగాడు. సౌండ్ అతనిదీ అదే అలవాటు. ఢాం అని మొదటిసారి వెంకన్న నవ్వు. ఢాం అని రెండోసారి పలక. మూడోసారి కెమెరా తిరిగి, గది గుమ్మంలో దువ్వెన పట్టుకు నిలబడ్డ నాంచారమ్మ మీద ఆగింది. ఆవిడ ఏడవలేదు. మూడు ఉరుములూ అయ్యేదాకా కెమెరా కేసి సూటిగా చూసింది.

"క...!" అని లేచాడు కౌశిక్.

అవధానిగారు ఎగిరి ఆయన నోరు మూశాడు. "అశుభము! అశుభము!"

"అయితే మీరైనా శుభం అనండి!"

"హారతి ఆరకుండ శుభము పలుకరాదు!"

కర్పూరం మంచి రకం. నేనే తెచ్చాను. చాలాసేపు వెలిగింది. తాతారావు మానిటర్ ముందు తల వంచుకుని ఉన్నాడు. నిజం చెప్పాలంటే ఆ సీరియల్ మొత్తంలో ఆయన అడ్డం రాకుండా తీసిన సన్నివేశం అదొక్కటే.

ఆ వారం రేటింగు చూసి ఛానెల్ మొత్తం స్వీట్లు పంచుకుంది. కానీ ఫోన్లు ఆగలేదు. గుడివాడ పెద్దావిడ మళ్ళీ చేసింది.

"అబ్బాయీ, ఆ పన్ను సందున్న కుర్రాడెవరు? పాపం, ఎంతో కళగా ఉన్నాడు. అంత ఎత్తుకి ఎవరెక్కించారు? వాళ్ళింట్లో వాళ్ళ సంగతి ఎవరు చూస్తున్నారు? మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు లేరా?"

ఛానెల్ వాళ్ళు ఆ పాత ముక్కలు మళ్ళీ తీశారు. మా మనిషి కాదందామంటే వంశవృక్షంలో ఎక్కించారు. మా ఫ్లోరు కాదందామంటే కోట గోడ మీద తగిలించారు. సోమవారం కౌశిక్ గారు ఎర్రబడ్డ కళ్ళతో వచ్చాడు.

"పరదేశి గారూ, ఆ పటం తీసెయ్యండి."

నేను నిచ్చెన తెచ్చేలోగా అవధానిగారు అడ్డం పడ్డాడు. "ఆగుము! పటమున్నంతకాలము ఆమె నిత్య సుమంగళి. తీసినచో తత్‌క్షణమే వైధవ్యము. శ్రావణ మాసమున, కుంకుమ వ్యాపారి సొమ్ముతో, మన చేతులారా ఒక సుమంగళిని విధవను చేయుదమా?"

"శ్రావణం అయ్యాక తీద్దాం."

"నిత్య అన్న పదము తమ సర్క్యులరులోనిదే నాయనా. నిత్యమనగా శ్రావణము వరకు కాదు."

కౌశిక్ గారు తను రాసిన సర్క్యులర్ తనే మళ్ళీ చదువుకున్నాడు. దాంట్లోంచి బయటపడే దారి లేదు. బాగా రాశాడు.

అలా వెంకన్న ఇక మా ఫ్లోరులో ఉండిపోయాడు. కొత్త ఎపిసోడ్ తీసే ప్రతిరోజూ వెనక గోడ మీద నవ్వుతూ కనిపిస్తాడు. తాతారావు అటువైపు చూడకుండా యాక్షన్ చెబుతాడు. నాంచారమ్మ పొద్దున్నే వచ్చి, పౌడరు పఫ్‌తో ఆ అద్దం తుడిచి, తరవాత దువ్వెన పట్టుకుంటుంది. బొట్టు పెట్టుకుంటుందా అని బయటివాళ్ళడుగుతుంటారు. ఆవిడ ఎప్పుడూ మానింది లేదు. ఇన్నాళ్ళూ చూసినవాడే లేడు.

మొన్న సాయంత్రం ప్యాకప్ చెప్పాక పటం ముందు ఆగి, తల పైకెత్తి చూసింది.

"పరదేశన్నా, దీని మీద పడే లైటు కొంచెం పక్కకి వాలింది. మొహం చీకటిగా ఉంది."

"రేపు సరిచేయిస్తాలే అమ్మా."

"చేయించు." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఎక్కేవాడికి నడుముకి తాడు కట్టించు."